బుడమేరు బాధితుల కోసం నెల్లూరులో విరాళ భోజనం: ఒక స్వచ్ఛంద బృందం సేవపై సమీక్ష

2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు వాగు వరద విజయవాడను ముంచెత్తినప్పుడు నెల్లూరులో విరాళాల డబ్బా కనిపించని కూడలి లేదు. కాలేజీ విద్యార్థులు, అభిమాన సంఘాలవారు, అపార్టుమెంట్ల కమిటీలు, గుడులు, మసీదులు, చర్చిలు ఎవరికి తోచిన రీతిలో వారు కదిలారు. అందరి పనినీ తూచి చెప్పే శక్తి నాకు లేదు గాని, వారిలో ఒక బృందం పనిని మాత్రం డబ్బు సేకరణ దగ్గర నుంచి సామాను పంపిణీ దాకా దగ్గరగా చూశాను. పెన్నా ఒడ్డున ఉన్న పొర్లుకట్ట, వెంకటేశ్వరపురం, భగత్‌సింగ్ కాలనీ ప్రాంతాల యువతీయువకులు, వారికి చదువు చెప్పిన కొందరు ఉపాధ్యాయులు, పెళ్ళిళ్ళకు వండే ఒక వంట మాస్టరు కలిసి ఏర్పడిన బృందం అది. దానికి రిజిస్ట్రేషన్ లేదు, బోర్డు లేదు, పేరు కూడా పెట్టుకోలేదు. ఒక ఆదివారం చేపల పులుసుతో విరాళ భోజనం పెట్టి, దానికి ముందూ వెనకా ఇంటింటికీ తిరిగి చందాలు పోగుచేసి, ఆ డబ్బుతో కొన్న సామాను విజయవాడ సింగ్‌నగర్, పాయకాపురం ప్రాంతాలకు చేర్చారు.

హోటల్ గురించి, దుకాణం గురించి మంచిచెడ్డలు రాసుకునే మనం ఇటువంటి సేవల గురించి ఎందుకో రాయం. మంచి పని చేస్తున్నవారిని తప్పుపట్టడం పాపమన్న భావన దీనికి కారణం కావచ్చు. నా అభిప్రాయం వేరు. విరాళం ఇచ్చినవాడు వస్తువు కొన్నవాడికంటే ఎక్కువ నమ్మకం పెడతాడు, ఎందుకంటే తాను ఇచ్చిన డబ్బు ఏమైందో తన కళ్ళతో చూసుకునే వీలు అతనికి ఉండదు. పైగా ఈశాన్య రుతుపవనాల కాలంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన నెల్లూరు, ప్రకాశం జిల్లాలు కూడా వాయుగుండాల దెబ్బ తింటాయి కాబట్టి, ఇవే డబ్బాలు ఏదో ఒక వారం మళ్ళీ మన గుమ్మం ముందుకు వస్తాయి. అప్పుడు ఎవరికి ఇవ్వాలి, ఏం చూసి ఇవ్వాలి అని ఆలోచించేవారికి ఉపయోగపడుతుందనే ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందు భోజనం సంగతి. పులుసును శనివారం రాత్రే వండి దించారు. చేపల పులుసు పొయ్యి మీద నుంచి దించిన వేడిలో తినేదానికంటే, ముక్కకు ఉప్పు, పులుపు, కారం పట్టాక మర్నాడు తినేదే రుచి అని నెల్లూరు వాళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు. వందల మందికి వండే చోట ఆ ఓపిక చూపేవారు తక్కువ, ఈ మాస్టరు చూపాడు. సెప్టెంబరు కాబట్టి ఈ పులుసులో వేసే పచ్చి మామిడికాయ దొరకలేదు. ఆ లోటును పూడ్చడానికి చింతపండు ఎక్కువ పోసి పులుసును పాడుచేయకుండా, టమాటా కొంచెం కలిపి, మెంతిపొడిని చివర్లో చల్లి సరిచేశాడు. ఇందుకూరుపేట వైపు చెరువుల రైతు ఒకాయన ఉచితంగా ఇచ్చిన బొచ్చె చేపలు అవి. ముక్కలు పెద్దవిగా కోసి, గుండిగలో గరిటె పెట్టి కలపకుండా, గుండిగనే రెండు వైపులా పట్టి కదిపినందువల్ల వడ్డించేటప్పుడు ఒక్క ముక్క కూడా చితకలేదు. అన్నం స్టోన్‌హౌస్‌పేట బియ్యం వ్యాపారి ఒకాయన ఇచ్చిన పాత బియ్యంతో వండినది, పలుకు లేకుండా, ముద్ద కాకుండా వచ్చింది. శాకాహారులకు పెట్టిన వంకాయ కూర, పప్పు మాత్రం సాధారణంగా ఉన్నాయి. సాంబారు చివరి పంక్తులకు పలచబడింది.

చేపల భోజనం రూ. 200, శాకాహార భోజనం రూ. 120. ఊళ్ళో మామూలు హోటల్ ధరకు ఇది దగ్గరే కాబట్టి, విరాళం పేరుతో ధర పెంచారన్న మాట రాలేదు. ఇష్టమైనవారు అంతకుమించి ఇవ్వడానికి గుమ్మం దగ్గర వేరే డబ్బా పెట్టారు. ఈ రెండింటినీ విడదీసినందుకు వారిని మెచ్చుకోవాలి. భోజనం వెల, విరాళం ఒకే డబ్బాలో పడితే తరువాత లెక్క తేలదు. వడ్డన చురుకుగా సాగింది. చేతులు కడుక్కునే నీళ్ళు మాత్రం మధ్యాహ్నం రెండు గంటలకల్లా అయిపోయాయి, ట్యాంకరు వచ్చేసరికి పిల్లలతో వచ్చిన కుటుంబాలు ఇబ్బందిపడ్డాయి. పార్సిళ్ళ కోసం వచ్చినవారికి, కూర్చుని తినేవారికి ఒకే వరుస పెట్టడం వల్ల తోపులాట కూడా జరిగింది. మైకులో విరాళదాతల పేర్లు అదేపనిగా చదవడం నాకు నచ్చలేదు. ఇవ్వలేక ఊరికే భోజనానికి వచ్చినవారిని అది చిన్నబుచ్చుతుంది. ఎవరో చెప్పాక ఆపారు.

ఇక అసలు విషయమైన డబ్బు దగ్గరికి వస్తాను. బ్యాంకు ఉద్యోగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి నా చూపు మొదట అటే పోయింది. మొదటి రోజుల్లో వారు పంచిన క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేస్తే తెరమీద కనిపించినది బృందంలోని ఒక యువకుడి సొంత పేరు. అతని నిజాయితీని నేను శంకించలేదు, కాని అతని జీతం, ఇంటి ఖర్చులు, ఊరి విరాళాలు ఒకే ఖాతాలో కలిసిపోతే, రేపు ఎవరైనా వేలెత్తి చూపినప్పుడు నిరూపించుకోవలసిన బరువు ఆ కుర్రవాడి మీదే పడుతుంది. ఈ మాట నాతోపాటు మరికొందరు కూడా చెప్పారు. వారు నొచ్చుకోకుండా విని, ఉపాధ్యాయులలో ఇద్దరి పేర్ల మీద, ఇద్దరూ సంతకం చేస్తే తప్ప డబ్బు బయటికి రాని ఉమ్మడి ఖాతా తెరిచారు. ఆ ఖాతాకు క్యూఆర్ కోడ్ కుదరలేదు. అందువల్ల పాత కోడ్‌తోనే డబ్బు తీసుకుంటూ, ఏ రోజు వచ్చిన మొత్తాన్ని ఆ రాత్రే ఉమ్మడి ఖాతాకు బదిలీ చేసి, ఆ బదిలీ చూపే తెరను అందరికీ పంపేవారు. రిజిస్ట్రేషన్ లేని బృందానికి ఇంతకంటే మంచి పద్ధతి నాకు తోచదు.

నగదు డబ్బాల విషయంలోనూ అంతే శ్రద్ధ కనిపించింది. డబ్బా ఒకరి దగ్గర, తాళంచెవి ఇంకొకరి దగ్గర ఉండేవి. రోజూ సాయంత్రం డబ్బాను నలుగురి ఎదుట తెరిచి, నోట్లు, చిల్లర వేరుచేసి లెక్కపెట్టి, పుస్తకంలో ఇద్దరు సంతకం పెట్టేవారు. ఇంటింటి చందాలకు వరుస సంఖ్యలు వేసిన రసీదు పుస్తకం వాడారు, కార్బన్ ప్రతి వారి దగ్గరే మిగిలేలా. ఆ పుస్తకం ఒకసారి నా చేతికి ఇచ్చి చూడమన్నారు. పెద్ద మొత్తాల మధ్యలో ఒకచోట "పూలమ్మే అమ్మ, పేరు వద్దన్నది, రూ. 50" అని, దాని కిందే "మూడో తరగతి పాప ముంత పగలగొట్టి, రూ. 137" అని రాసి ఉంది. చిల్లర విరాళాలను "ఇతరములు" అని ఒక గీత గీసి కలిపేయడం తేలిక. అలా చేయకుండా యాభై రూపాయలకూ ఒక వరుస కేటాయించిన, రసీదులు రాసే అమ్మాయి చేతిరాతను చూశాక ఈ బృందం మీద నా గౌరవం పెరిగింది.

వారు పాటించిన మరో మంచి పద్ధతిని ప్రత్యేకంగా చెప్పాలి. పెద్ద మొత్తం ఇవ్వడానికి వచ్చినవారికి, తమకు ఇచ్చే డబ్బుకు ఆదాయపు పన్ను మినహాయింపు రాదని ముందే చెప్పేవారు. ముఖ్యమంత్రి సహాయనిధికి ఇస్తే పాత పన్ను విధానంలో ఉన్నవారికి 80జి సెక్షన్ కింద నూరు శాతం మినహాయింపు ఉంటుందని, అయితే రూ. 2,000 దాటి నగదుగా ఇస్తే ఆ మినహాయింపు వర్తించదని, కాబట్టి చెక్కు రూపంలోనో ఆన్‌లైన్‌లోనో ఇవ్వమని కాగితం మీద రాసి గోడకు అంటించారు. తమకు రావలసిన డబ్బును తామే వేరే దారికి మళ్ళించే బృందాన్ని నమ్మడానికి నాకు ఇంకేమీ అక్కరలేకపోయింది.

మన ప్రాంతంలో విరాళాలకు జోలె పట్టడం కొత్త కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు ఎన్టీ రామారావు, అక్కినేని నాగేశ్వరరావు వంటివారు వీధుల్లోకి వచ్చి విరాళాలు సేకరించారు. నలుగురు దుప్పటి నాలుగు కొసలూ పట్టుకుని నడుస్తుంటే మేడల మీద నుంచి జనం నోట్లు, చీరలు విసిరేవారని మా పెద్దలు చెప్పేవారు. ఆ రోజుల్లో ముఖం చూసి ఇచ్చారు. ఇప్పుడు ముఖం తెలియనివారు ఫోనులో పంపిన కోడ్‌కు డబ్బు పంపుతున్నాం కాబట్టి, ఆ ముఖం చేసే పనిని రసీదు చేయాలి. ఈ కారణం చేతనే ట్రంకు రోడ్డు సిగ్నళ్ళ దగ్గర, ఎరుపు దీపం పడ్డ అర నిమిషంలో, మూత లేని డబ్బాలు కారు అద్దాల్లోకి చాపే సేకరణను నేను సమర్థించను. ఈ బృందంలోని కొందరు పిల్లలు కూడా మొదట్లో ఆ పని చేశారు. వాహనాల మధ్య ప్రమాదం ఒకవైపు, రసీదుకు వీలులేకపోవడం మరోవైపు. ఉపాధ్యాయులు కలగజేసుకున్నాక ఆ సేకరణ ఆగింది.

అయితే లెక్కలు బాగా రాసినంత మాత్రాన సాయం బాగా జరుగుతుందని చెప్పలేం. ఈ బృందాన్ని మిగిలినవారి నుంచి వేరుచేసింది ఏం పంపాలో వారికి తెలియడం, తెలియడానికి కారణం వారే ఒకప్పుడు బాధితులు కావడం. 2021 నవంబరులో సోమశిల జలాశయం నుంచి విడుదలైన నీటితో పెన్నా పొంగినప్పుడు పొర్లుకట్ట, భగత్‌సింగ్ కాలనీ ఇళ్ళలోకి నీరు చేరింది. అదే వరదలో పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి విజయవాడ, చెన్నైల మధ్య రైళ్ళు నిలిచాయి, జాతీయ రహదారి తెగింది. పైన కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట నవంబరు 19న తెగి రాజంపేట ప్రాంతపు పల్లెలు ఊడ్చుకుపోయాయి. ఆనాడు మెడలోతు నీళ్ళలో నుంచి బయటపడ్డ కుటుంబాల ఆడవాళ్ళు ఈ బృందంలో సామాను జాబితా రాశారు. వారిలో ఒకామె చెప్పిన మాట నాకు బాగా గుర్తుంది: "అప్పుడు మాకు అన్నం పొట్లాలు శానా వచ్చినాయి సార్, తినలేక పారబోసినాం. ఇంట్లో మోకాలిలోతు బురద ఉంటే దాన్ని ఎత్తిపోసేదానికి ఒక పార, ఒక చీపురు ఇచ్చినోళ్ళు లేరు."

అందువల్ల వారు బియ్యం, పప్పు మూటల కంటే ముందు గట్టి చీపుర్లు, పారలు, బకెట్లు, బ్లీచింగ్ పౌడరు, ఫినాయిలు కొన్నారు. ఆ తరువాత చాపలు, దుప్పట్లు, దోమతెరలు, లుంగీలు, నైటీలు, లోదుస్తులు, శానిటరీ ప్యాడ్లు, పిల్లలకు నోటు పుస్తకాలు. వండిన ఆహారం పంపకూడదని నిర్ణయించడం కూడా సరైనదే. నెల్లూరు నుంచి విజయవాడకు ఒంగోలు మీదుగా సుమారు 270 కిలోమీటర్లు. అన్నం ఆ దూరం వెళ్ళేసరికి పాసిపోతుంది. పైగా మొదటి వారం ఆహారం పంచే పని ప్రభుత్వం, అక్కడి సంస్థలు పడవలతో, ఇళ్ళ మీదికి డ్రోన్లతో కూడా చేస్తూనే ఉన్నాయి. వీరు నీరు తీసేదాకా ఆగి, ఇళ్ళు కడుక్కునే సమయానికి చేరారు. బుడమేరు డైవర్షన్ కాలువకు పడ్డ మూడు గండ్లను సైన్యం సాయంతో పూడ్చే దాకా సింగ్‌నగర్ వైపు నీరు వస్తూనే ఉన్నందున, తొందరపడి వెళ్ళినవారు చాలామంది సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గరే సామాను దింపి వెనక్కి రావలసి వచ్చింది.

పాత బట్టలు తీసుకోబోమని వారు తేల్చి చెప్పడం కొందరికి కోపం తెప్పించింది. ఇంట్లో శుభ్రంగా ఉతికి మడిచిన చీరలు తెస్తే వద్దంటారా అని నా ఎదుటే ఒక పెద్దావిడ అలిగి వెళ్ళిపోయింది. ఆమె మనసు మంచిదే. కాని 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత తమిళనాడు తీరంలో లారీలకు లారీలు వచ్చిన పాత బట్టలు కట్టుకునేవారు లేక రోడ్ల పక్కన కుప్పలుగా తడిసి కుళ్ళాయి. వాటిని తీసేయడమే అక్కడివారికి మరో పని అయింది. గడువు దగ్గరపడ్డ మందులు తెచ్చినవారిని కూడా ఈ బృందం తిప్పి పంపింది. వద్దు అని చెప్పగలగడం విరాళాలు సేకరించేవారికి అన్నిటికంటే కష్టమైన పని, వీరు దాన్ని మర్యాదగానే చేశారు. ఒక వ్యాపారి పెద్ద మొత్తం ఇస్తానని, వ్యానుకు తన దుకాణం ఫ్లెక్సీ కట్టాలని అడిగితే, "అన్నా, బండి మీద ఎవరి పేరూ పెట్టడం లేదు, మా పేరే లేదు" అని ఒక కుర్రవాడు సర్దిచెప్పాడు. ఆయన ఇవ్వకుండా వెళ్ళిపోయాడు.

వ్యానుతో పాటు నేనూ వెళ్ళాను. పాయకాపురంలో ఒక సందు గోడల మీద నా భుజం ఎత్తున బురద గీత నేరుగా ఇంటింటికీ సాగిపోయి ఉంది. వాకిళ్ళ ముందు నీళ్ళు పీల్చి బరువెక్కిన పరుపులు, తలుపు ఊడిన ఫ్రిజ్‌లు, ఉబ్బి పగిలిన ప్లైవుడ్ బీరువాలు. అగ్నిమాపక వాహనాలు వచ్చి ఇళ్ళు కడుగుతున్నా అన్ని సందుల్లోకీ ఒకేసారి రాలేవు. మా వాళ్ళు వ్యాను వెనక తలుపు తెరవగానే దుప్పట్ల కట్ట పక్కనున్నా, ఒక ఇల్లాలు చేయి చాచి పారను లాక్కుంది. పక్కింటివాళ్ళు బ్లీచింగ్ పౌడరు సంచి ఎత్తుకున్నారు. పొర్లుకట్ట ఆడవాళ్ళు ఊరికే నిలబడలేదు. కొంగులు దోపుకుని, ముసలివాళ్ళు మాత్రమే ఉన్న ఇళ్ళలోకి వెళ్ళి బురద ఎత్తిపోశారు. బురద ఎండకముందే తీయాలని, ఎండితే గచ్చుకు అతుక్కుపోతుందని వారికి తెలుసు. సాయం తీసుకునేవారి ఫోటోలు తీయకూడదన్న నియమాన్ని బృందం చివరిదాకా పాటించింది. దాతలకు పంపిన ఫోటోల్లో సామాను, వ్యాను, కడిగిన గచ్చులు ఉన్నాయి, ఏ బాధితుడి ముఖమూ లేదు.

లోపం పంపిణీలోనే జరిగింది, దాన్ని దాచడం భావ్యం కాదు. ఏ ఇంటికి ఏం ఇచ్చారో రాసుకునే జాబితా వారి దగ్గర లేదు. సేకరణలో యాభై రూపాయలకు కూడా ఒక వరుస రాసినవారు పంపిణీలో పేర్లు రాయకపోవడం నాకు ఆశ్చర్యం కలిగించింది. ఫలితంగా వ్యాను ఆగిన చోటికి దగ్గరగా ఉన్న ఇళ్ళలో కొందరికి రెండేసి దుప్పట్లు వెళ్ళాయి. లోపలి సందుల్లో, ముఖ్యంగా వ్యాను వచ్చిన సంగతే తెలియని ఇళ్ళకు బకెట్లు కూడా అందలేదు. పై అంతస్తులవారికి నష్టం లేదనుకుని వారిని వదిలేయడం మరో పొరపాటు. నేల అంతస్తులో మునిగిన ఇళ్ళకు రూ. 25,000తో పాటు పై అంతస్తులవారికి కూడా రూ. 10,000 సాయాన్ని ప్రభుత్వమే తరువాత ప్రకటించింది, ఎందుకంటే రోజుల తరబడి కరెంటు, తాగునీరు లేక మేడ మీద చిక్కుకున్నవారు పనులు, కూలీ పోగొట్టుకున్నారు. నైటీలన్నీ ఒకే కొలతవి తేవడం, ప్యాడ్లు చాలకపోవడం చిన్న లోపాలే గాని అక్కడ ఆడవాళ్ళు పడ్డ ఇబ్బంది చిన్నది కాదు.

తిరిగి వచ్చాక భోజనం పెట్టిన హాలు గోడకే లెక్కల కాగితం అంటించారు. వచ్చింది ఒక పక్క, పోయింది ఒక పక్క. గ్యాస్ సిలిండర్లు, విస్తళ్ళు, నీళ్ళ ట్యాంకరు, వ్యాను అద్దె, డీజిలు, టోలు అన్నీ విడివిడిగా చూపి, భోజనాల మీద వచ్చిన మొత్తం నుంచి ఆ ఖర్చు తీసేశాకే మిగిలినదాన్ని విరాళంగా చూపారు. భోజనాలు పెట్టి నిధులు పోగుచేసేవారు సాధారణంగా మొత్తం రాబడినే ఘనంగా చెప్పి ఖర్చు మాట ఎత్తరు. బియ్యం, చేపలు, వంట మాస్టరు శ్రమ ఉచితంగా వచ్చాయి కాబట్టి ఇక్కడ ఖర్చు తక్కువే అయింది. అవి కూడా కొనవలసి వస్తే రూ. 200 భోజనంలో సాయానికి మిగిలేది ఎంతో ఊహించుకోవచ్చు. సామాను బిల్లుల నకళ్ళు ఒక ఫైలులో పెట్టి, అడిగినవారికి చూపారు. మిగిలిన కొద్ది డబ్బును ముఖ్యమంత్రి సహాయనిధికి పంపి, ఆ రసీదును కూడా పక్కనే అంటించారు.

పంపిణీ జాబితా లేకపోవడం గురించి బృందంలోని పెద్దలతో మాట్లాడాను. వీధి పేరు, ఇంటి గుర్తు, ఇంట్లో మనుషులు, ఇచ్చిన సామాను అనే గడులతో ఒక పుస్తకం ముందే సిద్ధం చేసుకుంటామని, వెళ్ళబోయే ప్రాంతంలోని వార్డు సచివాలయం సిబ్బందితో లేదా అక్కడి మహిళా సంఘాలతో మాట్లాడి ఏ సందు మిగిలిందో తెలుసుకున్నాకే వ్యాను కదుపుతామని చెప్పారు. వానలు ముదిరి వారు మళ్ళీ చందా పుస్తకం పట్టుకుని వస్తే నా వంతు తప్పక ఇస్తాను, నా వీధివాళ్ళ చేత కూడా ఇప్పిస్తాను. అయితే రసీదు తీసుకునేటప్పుడే ఆ జాబితా పుస్తకాన్ని కూడా చూపమని అడుగుతాను.